రాతకు గుంపుమేస్త్రి ఎందుకు?

పాలమూరోనికి మధ్యమనిషి కొత్త కాదు. ఊర్ల పని లేక బతుకుదెరువుకు బయలెల్లినోళ్లకు గుంపుమేస్త్రి ఉంటడు. అడ్వాన్సు చేతిల పెట్టేది ఆయనే, లారీ ఎక్కించేది ఆయనే. అవతలి కాంట్రాక్టరుతో మాట్లాడేది, లెక్క రాసేది, ఆఖరుకు లెక్కల కోత పెట్టేది కూడా ఆయనే. దేశమంతటా ఆనకట్టలకు, కాలువలకు మట్టి మోసిన మనోళ్లల్ల ఎంతమంది ఆ కాంట్రాక్టరు మొఖం చూసిండ్రు? గద్వాల చేన్లల్ల విత్తనపత్తి పండించే రైతుకు, కంపెనీకి నడుమ ఆర్గనైజరు ఉంటడు. సంచి మీద పేరు కంపెనీది. రైతుకు అప్పిచ్చేది, నోటు రాయించుకునేది ఆర్గనైజరు. విత్తనం జీఓటీ పరీక్షల ఫెయిలయిందని కబురు తెచ్చేది కూడా ఆయనే. గద్వాల చీర నేసే మగ్గానికీ, ఆ చీర అమ్ముడుపోయే పట్నం దుకాణానికీ నడుమ పెట్టుబడి పెట్టే సావుకారి ఉంటడు.

ఇప్పుడు రాతకు కూడా మధ్యమనిషి వచ్చాడు. ఆయన పేరు లిటరరీ ఏజెంటు.

తెలుగులో ఈ ఉద్యోగం లేదు. తెలుగు రచయిత తన కాగితాలు తానే సంచిలో పెట్టుకొని పత్రిక ఆఫీసుకో, ప్రచురణకర్త దగ్గరికో పోతాడు. లేకపోతే తానే అచ్చేసుకుంటాడు. ఇంగ్లీషు పుస్తకాల లోకంలో సంగతి వేరు. పెద్ద ప్రచురణ సంస్థలు చాలావరకు ఏజెంటు తెచ్చిన రాతప్రతినే చూస్తాయి. ఏజెంటు బేరం ఆడతాడు, ఒప్పందం రాయిస్తాడు, రచయితకు వచ్చే డబ్బులో సాధారణంగా నూటికి 15, పరదేశపు హక్కుల మీద 20 దాకా తీసుకుంటాడు. దళితుల ఆత్మకథలకు ఇంగ్లీషులో గిరాకీ పుట్టిన నాటి నుంచి ఈ ఏజెంటు చూపు మన వాడల మీద కూడా పడింది. తప్పులేదు. గిరాకీ పుట్టించింది మన రాతే, మన పోరాటమే. కారంచేడు (1985), చుండూరు (1991) నెత్తురు మీద లేచిన దళిత సాహిత్యమే లోకాన్ని మన దిక్కు తిప్పింది.

అయితే ఏజెంటు విడిచిపెట్టినంక, లేదా మనమే ఆయన్ని విడిచిపెట్టినంక ఆ రాతప్రతి గతి ఏమిటి? ఈ వ్యాసం దాని గురించే. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల్లో చదువుకున్న మొదటి తరం, రెండో తరం మాల మాదిగ పిల్లలు రాసిన కాగితాలు ట్రంకుపెట్టెల్లో ఉన్నాయి. కొన్ని ఏజెంటు చేతి నుంచి తిరిగొచ్చినవి. కొన్ని ముందుమాట రాస్తానన్న పెద్దమనిషి బీరువా నుంచి తిరిగొచ్చినవి. కొన్ని ఇంకా రానే లేదు. తిరిగొచ్చిన రాతప్రతిని పాడుబడ్డ ఇల్లు లెక్క చూస్తున్నారు మన పిల్లలు. 'పెద్దోళ్లకే నచ్చలేదు, ఇంక ఎవరికి నచ్చుతది' అని అటకెక్కిస్తున్నారు. నేను చెప్పేది ఒక్కటే: మధ్యమనిషి పోయినంత మాత్రాన రాత చావదు. ఆయన కోసం మనం రాతకు చేసిన మార్పులే దాన్ని చంపుతాయి. ఆ మార్పులు తీసేసి, దాన్ని మళ్లీ మన భాషలో నిలబెట్టి, మన వాడ ముందర మొదట చదివి, మన చేతులతో అచ్చేద్దాం.

నా సంగతి నాలుగు ముక్కల్లో చెప్తాను, ఇది నా ఒక్కడి గోడు కాదు గనుక. మా తాత చేసిన వెట్టి, మా అమ్మానాయనలు పోయిన వలస, ఈ రెండు తరాల లెక్క నేను తెలుగులో రాసుకున్నాను. మొదటి అధ్యాయాలు ఇంగ్లీషులోకి పోయాయి. ఒక ఏజెన్సీతో ఒప్పందం కుదిరింది. మూడేండ్లు నడిచింది. మొదట పాలమూరు మాటలు తగ్గించమన్నారు, చదివేటోనికి అడ్డం పడుతున్నాయట. తర్వాత తాతను కొట్టిన ఘట్టాన్ని తెచ్చి మొదటి పేజీలో పెట్టమన్నారు. ఆ తర్వాత పీర్ల పండుగ అధ్యాయం తీసెయ్యమన్నారు. అందులో మా అమ్మ నవ్వుతది, ఆడుతది. ఆ నవ్వు కథను 'పలుచన' చేస్తున్నదట. మాల మాదిగల నడుమ బాయి కాడ జరిగిన పంచాయితీ కూడా వద్దన్నారు, అది బయటోళ్లకు అర్థం కాదట. ఇవన్నీ అయినంక, ఈ ఏడాది జాబితాలో దళిత పుస్తకం ఇప్పటికే ఒకటి ఉన్నదని కబురొచ్చింది. కాగితం రాసి బయటికొచ్చాను. రాతప్రతి ఇప్పుడు నా దగ్గర ఉంది. బతికే ఉంది.

ఈ కోరికలను జాగ్రత్తగా చూడండి. ఏడుపు ముందర పెట్టు, నవ్వు తీసెయ్యి. భాష మార్చు, లోపలి తగాదా దాచు. ఇవి ఒక మనిషి చెడ్డతనం నుంచి పుట్టినవి కావు. ఏజెంటు అమ్మవలసింది ప్రచురణకర్తకు. ప్రచురణకర్త అమ్మవలసింది దళితవాడ ఎప్పుడూ చూడని చదువరికి. ఆ చదువరికి మన దుఃఖం కావాలి, మన తెలివి అక్కర్లేదు. మన గాయం కావాలి, మన తర్కం అక్కర్లేదు. పత్తి గింజను పరీక్షకు పెట్టినట్టే మన బతుకును కూడా పరీక్షకు పెడతారు. పాసయితే సంచి మీద వాళ్ల పేరు, ఫెయిలయితే నష్టం మనది. ఈ గొలుసును అర్థం చేసుకుంటేనే రాతప్రతి తిరిగొచ్చినప్పుడు మన గుండె పగలదు. ఫెయిలయింది మన రాత కాదు. వాళ్ల సంతలో ఆ పూట గిరాకీ లేదు, అంతే.

భాష మార్చమన్న కోరిక మన ఒక్కరికే ఎదురైంది కాదు. అమెరికాలో జోరా నీల్ హర్‌స్టన్ అనే నల్లజాతి రచయిత్రి ఉండేది. ఆఫ్రికా నుంచి బానిసలను తెచ్చిన ఆఖరు ఓడ క్లొటిల్డా 1860లో అలబామా చేరింది. ఆ ఓడలో వచ్చిన కొస్సోలా అనే ముసలాయనను ఆమె 1927లో కలిసింది. ఆయన మాటలను ఆయన పలికినట్టే రాసింది. 1931 నాటికి 'బారకూన్' అన్న రాతప్రతి తయారైంది. అచ్చేస్తామన్న సంస్థ ఒక షరతు పెట్టింది: ఆయన యాస తీసేసి 'భాష'లో రాయాలి. హర్‌స్టన్ ఒప్పుకోలేదు. రాతప్రతి ఒక విశ్వవిద్యాలయం భాండాగారంలో పడి ఉన్నది. కొస్సోలా 1935లో పోయిండు. హర్‌స్టన్ 1960లో పేదరికంలో చనిపోయింది. పుస్తకం 2018లో వచ్చింది. 87 ఏండ్లు! వచ్చినప్పుడు ఆ యాసతోనే వచ్చింది. ఆమె అప్పుడు తలవంచి ఉంటే ఆనాడే పుస్తకం వచ్చేదేమో, కొస్సోలా గొంతు మాత్రం ఉండేది కాదు. ఇందులో మనకు రెండు పాఠాలున్నాయి. యాస వదులుకోవద్దన్నది ఒకటి. 87 ఏండ్లు ఆగవద్దన్నది రెండోది. ఆమెకు సొంత అచ్చు లేదు, వెనుక నిలబడే సంఘం లేదు. మనకు రెండూ ఉన్నాయి.

మనకు దారి చూపింది బాబాసాహెబ్. లాహోరులోని జాత్‌పాత్ తోడక్ మండల్ వాళ్లు 1936 సభకు ఆయన్ని అధ్యక్షుడిగా పిలిచారు. వాళ్లు సంస్కర్తలు, కులం పోవాలన్నవాళ్లు. ఉపన్యాసం రాతప్రతి ముందుగా చూసిన వాళ్లకు గుండెలో రాయి పడింది. వేదాల మాట తీసెయ్యమన్నారు, హిందువుగా ఇదే తన ఆఖరు ఉపన్యాసమన్న మాట కూడా అక్కర్లేదన్నారు. ఒక్క కామా కూడా మార్చేది లేదని బాబాసాహెబ్ రాసి పంపారు. సభ రద్దయింది. వేదిక పోయింది, పిలిచినవాళ్లు పోయారు, చేతిలో అచ్చుకు పోయిన ఉపన్యాసం మిగిలింది. ఆయన దాన్ని అటకెక్కించలేదు. అదే ఏడాది మే నెలలో తన ఖర్చుతో 1,500 ప్రతులు అచ్చేశారు, ధర ఎనిమిదణాలు. రెండు నెలల్లో అన్నీ అయిపోయాయి. ధర ఎక్కువ పెట్టారని గాంధీ 'హరిజన్'లో నసిగారు. 1937లో రెండో కూర్పు వచ్చింది, గాంధీకిచ్చిన జవాబు కలుపుకొని. అదే 'కులనిర్మూలన'. రద్దయిన సభ ఎవరికీ గుర్తు లేకపోవచ్చు. ఆ పుస్తకం చదవకుండా ఈ దేశంలో కులం గురించి మాట్లాడేవాడు లేడు.

ఇక్కడ ఒక కిటుకు గమనించాలి. బాబాసాహెబ్ మండలితో తెగదెంపులను దాచుకోలేదు. ఉత్తరాలు కూడా అచ్చేశారు. ఎవరు ఏం తీసెయ్యమన్నారో, తాను ఎందుకు ఒప్పుకోలేదో జనం ముందర పెట్టారు. అటకెక్కిన రాతప్రతి మళ్లీ లేచినప్పుడు అది ఎందుకు అటకెక్కిందో కూడా దానితోపాటే రావాలి. అది సిగ్గుపడే విషయం కాదు, పుస్తకంలో భాగమే.

అదే బాబాసాహెబ్ చివరి దినాలు తల్చుకోండి. 'బుద్ధుడు-ఆయన ధమ్మం' అచ్చుకు డబ్బు చాలక 1956 సెప్టెంబరులో ప్రధాని నెహ్రూకు ఉత్తరం రాశారు, బుద్ధజయంతి సందర్భంగా ప్రభుత్వం 500 ప్రతులు కొనవలసిందని. కుదరదని జవాబొచ్చింది. రాజ్యాంగం ముసాయిదా కమిటీకి అధ్యక్షుడు, కేంద్ర న్యాయశాఖ మంత్రిగా పనిచేసిన మనిషి! డిసెంబరు 6న ఆయన కన్నుమూశారు. పుస్తకం 1957లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ తరఫున వచ్చింది, అంటే ఆయన పెట్టిన సంస్థ నుంచే. ఆయన రాసుకున్న ముందుమాట మాత్రం ఆ ప్రతిలో రాలేదు. 1980లో భగవాన్ దాస్ దాన్ని వెలికితీసి అచ్చేశారు. ఇక 'హిందూమతంలో చిక్కుప్రశ్నలు' రాతప్రతి ఆయన పోయినంక 31 ఏండ్లకు, 1987లో మహారాష్ట్ర ప్రభుత్వం వేసిన సంపుటాల్లో వెలుగు చూసింది. నిషేధించాలని శివసేన వీధికెక్కింది. ఆ పేజీలను కాపాడటానికి 1988లో బొంబాయి వీధుల్లో దళితులు పెద్ద ఊరేగింపు తీశారు. పుస్తకం నిలబడింది. రచయిత పెట్టెలో ఉన్న కాగితం కోసం కూలినాలి జనం వీధికెక్కిన ఘటన ఇంకే సాహిత్యంలో ఉందో చూపించండి!

ఇక మన నేలకొద్దాం. గద్వాల సంస్థానాన్ని పండితులు 'విద్వద్గద్వాల' అని పొగిడారు. కవులు వచ్చేవారు, పద్యం చదివేవారు, వార్షికం తీసుకొని పోయేవారు. వనపర్తి సంస్థానంలోనూ అంతే. ఆ సభకు పోవాలంటే చదువుండాలె, కులముండాలె, చెప్పేటోడుండాలె. ఆ వార్షికాల ధాన్యం పండించినోడు, మోసినోడు వాకిట్ల నిలబడ్డాడు. ఇప్పుడు వనపర్తి రాజమహల్‌లో పాలిటెక్నిక్ కాలేజీ ఉంది, మన పిల్లలు ఆ మెట్లెక్కి చదువుకున్నారు. మహల్ తలుపు తెరుచుకుంది గాని, అచ్చు తలుపు కాడ ఇంకా వాకిట్లనే నిలబడదామా?

నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యమని ఎవరో రాస్తే, గద్వాల పక్కన ఇటిక్యాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి వాదులాడుతూ కూర్చోలేదు. ఊరూరి నుంచి కవిత్వం తెప్పించి 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' అచ్చేశారు. ఎవరి ఒప్పుదల కోసమూ చూడలేదు. ఆయనకు కులబలం ఉంది, చేతిలో 'గోలకొండ పత్రిక' ఉంది, నిజమే. బడి గడప తొక్కనివ్వని మన తాతల పాట ఆ పద్యకవుల లెక్కలోకి ఎక్కేది కాదు, అదీ నిజమే. అయినా ఆయన పద్ధతి నుంచి మనం నేర్చుకోవలసింది ఉంది: లేరని అన్నోనికి జవాబు అచ్చయిన పుస్తకమే.

మనోళ్లకూ ఆ పద్ధతి తెలుసు. మాదరి భాగ్యరెడ్డివర్మ 1931లో 'భాగ్యనగర్' పత్రిక పెట్టారు. 'వెట్టి మాదిగ' కథనం ఆ పత్రికలోనే అచ్చయింది. అంతకు పదకొండేండ్ల ముందు, 1920 జనవరి 31న, బాబాసాహెబ్ 'మూక్‌నాయక్' పక్షపత్రిక మొదలుపెట్టారు. దాని ప్రకటనను డబ్బులిస్తామన్నా తిలక్ పెట్టిన 'కేసరి' వెయ్యలేదు. బొజ్జా తారకం సంపాదకత్వంలో 'నలుపు' పక్షపత్రిక 1989లో వచ్చింది. 1995లో 'చిక్కనవుతున్న పాట', 1996లో 'పదునెక్కిన పాట' వచ్చాయి. వీటిలో ఏది ఏజెంటు తెచ్చిండు? ఏ రాజమహల్ అచ్చేసింది?

అచ్చు కంటే ముందు నోరున్నది. మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలోళ్లు పటం పట్టుకొని వాడవాడ తిరిగారు. మన పుట్టుక కథను వందల ఏండ్లు కాపాడింది వాళ్ల గొంతు. ఆ డక్కలి బిడ్డ, నాగర్‌కర్నూలు జిల్లా కిన్నెర కళాకారుడు దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. అదే జిల్లా గౌరారం బిడ్డ గోరటి వెంకన్న పాట పుస్తకం కంటే ముందు జనం నోట్ల ఉన్నది. కేంద్ర సాహిత్య అకాడమీ 2021 అవార్డు 'వల్లంకి తాళం'కు తర్వాతెప్పుడో వచ్చింది. మొదట జనం చెవి, తర్వాత అచ్చు, ఆ తర్వాత పట్నం, పరదేశం. ఇదీ మన వరుస. ఏజెంటు ఈ వరుసను తలకిందులు చేస్తాడు: మొదట పరదేశం, తర్వాత పట్నం, వీలైతే ఎప్పుడన్నా వాడ.

ఇక్కడ కొందరు మిత్రులు అడుగుతారు. ఏజెంటు లేకుండా లోకానికి ఎట్ల తెలుస్తది? ఇంగ్లీషు వద్దంటున్నవా? బాబాసాహెబ్ ఇంగ్లీషులోనే రాసిండు గదా? సరైన ప్రశ్నలే. ఇంగ్లీషు మనకు కావాలి. మంచి ఏజెంటు ఒప్పందంలోని గుంతలు చూపిస్తాడు, రాయల్టీ ఎగ్గొట్టకుండా కాపాడతాడు, పది తలుపులు తట్టుతాడు. అటువంటి మనిషి దొరికితే పని చేయించుకుందాం. వద్దనేది ఆయన పెత్తనాన్ని, పనిని కాదు. కంకులు కోసేందుకు కూలి పెట్టుకోవచ్చు. ఏ విత్తనం వెయ్యాలో కూలోడు చెప్పొద్దు. తెలుగు పుస్తకం మొదట అచ్చయి మన చేతిలో ఉంటే అనువాదం ఎవరు చేసినా మూలం ఇదీ అని చూపించవచ్చు. మూలం ట్రంకుపెట్టెలో ఉండి, కత్తిరించిన ఇంగ్లీషు ఒక్కటే లోకంలో తిరిగితే, రేపు మన మనుమలు తమ తాత బతుకును ఆ కత్తిరింపులోనే చదువుకోవాలె.

కనుక పని ఎట్ల చేద్దామో చెప్పుకుందాం.

మొదటిది కాగితాల పని. భయపడవద్దు, చట్టం మన దిక్కు ఉంది. 1957 కాపీరైటు చట్టం ప్రకారం రాసినోడే మొదటి హక్కుదారు. రిజిస్ట్రేషను లేకపోయినా హక్కు హక్కే. రచయిత బతికినంత కాలం, పోయినంక 60 ఏండ్లు ఆ హక్కు ఉంటది. హక్కును ఇంకొకరికి రాసివ్వాలంటే కాగితం మీద, సంతకంతోనే చెల్లుతది, నోటిమాట చెల్లదు. రాసిచ్చిన కాగితంలో గడువు లేకపోతే 5 ఏండ్లే అనుకోవాలె. హక్కు తీసుకున్నోడు ఏడాదిలోపు దాన్ని వాడకపోతే, కాగితంలో వేరే మాట లేకుంటే, ఆ హక్కు పోతది. ఏజెంటు సంగతి ఇంకా తేలిక. 1872 కాంట్రాక్టు చట్టంలో ఏజెంటు అంటే మన తరఫున పనిచేసే మనిషి. అడిగినప్పుడు లెక్క చెప్పవలసిన బాధ్యత ఆయనది. గుంపుమేస్త్రిని మనం యజమాని లెక్క చూసినం గాని, ఇక్కడ చట్టం ప్రకారం యజమాని రచయితే!

కాబట్టి విడిపోయేటప్పుడు నోటితో కాకుండా రాసి విడిపోండి. ఒప్పందంలో నోటీసు గడువు ఎంతుందో చూడండి. రాతప్రతిని ఏ ఏ సంస్థలకు పంపిందీ, వాళ్లు ఏమన్నదీ జాబితా అడగండి. ఒకసారి వద్దన్న సంస్థ అదే ప్రతిని మళ్లీ చూడటం అరుదు గనుక ఆ జాబితా రేపు పనికొస్తది. ఏజెంటు ద్వారా ఒప్పందం కుదిరిన పుస్తకం మీద ఆయన కమీషను సాధారణంగా కొనసాగుతది. కుదరని రాతప్రతి మీద ఇక ఏ హక్కూ లేదని రాయించుకోండి. అనువాదం జరిగి ఉంటే ఆ అనువాదం మీద అనువాదకుడికి హక్కు ఉండొచ్చు. మీ తెలుగు మూలం మాత్రం మీదే.

రెండోది రాత పని. అటక మీది నుంచి దింపిన రాతప్రతిని ముందు ఎర్ర పెన్ను పట్టుకొని చదవండి. ప్రతి మార్పు కాడ ఒక్క ప్రశ్న: ఇది నేను మార్చుకున్నదా, ఆయన మార్పించిందా? ఆయన చెప్పిందల్లా తప్పు కాదు. ఒకే మాట మూడుసార్లు చెప్పినవని అన్నడా, నిజమైతే తీసెయ్యండి. కానీ 'బువ్వ'ను 'భోజనం' చేసినకాడ, 'ఆసామి' పేరు కాడ చుక్కలు పెట్టినకాడ, తల్లి నవ్వు కొట్టేసినకాడ పాత మాటను తిరిగి తెచ్చి కూసోబెట్టండి. మాల మాదిగల నడుమ, మన ఇంటి ఆడోళ్లకూ మగోళ్లకూ నడుమ ఉన్న పంచాయితీ దాచకండి. దాచితే శత్రువు దాన్ని తర్వాత మన మీదికే విసురుతడు. బాగుపడేందుకే మనం దాన్ని రాసుకోవాలె.

మూడోది వాడ ముందర చదువుడు. అంబేద్కర్ జయంతికి బొమ్మకు దండేసి, జెండా ఎగరేసి, మైకు దించుతున్నం. ఆ పూటే ఒక గంట రాతప్రతి చదవండి. వలసపోయిన ముసలోళ్లు ఇంకా ఉన్నారు. ఏ లారీ, ఏ డ్యామ్, ఎంత అడ్వాన్సు, ఎవరు అక్కడ్నే చచ్చిపోయి తిరిగిరాలేదు, ఇవన్నీ వాళ్ల నోట్ల ఉన్నాయి. ఏ ప్రచురణకర్త దగ్గర ఉండే ఎడిటరు కూడా ఆ తప్పులు దిద్దలేడు. ఆ ముసలోళ్లు ఒక్కొక్కరే పోతున్నారు. వాళ్లు పోయినంక రాతప్రతి లేచినా సాక్షి ఉండడు. అటక మీద పుస్తకం ఆగితే నష్టం రచయిత ఒక్కడిది కాదంటున్నది అందుకే.

నాలుగోది అచ్చు. ఇయ్యాల కంపోజింగుకు పట్నం పోవలసిన పని లేదు, మండల కేంద్రంలో డీటీపీ ఉంది. ఐఎస్‌బీఎన్ నంబరుకు మన దేశంలో రుసుము లేదు. ముందు చందాల పద్ధతి మన ఉద్యమానికి పాతదే. వందమంది టీచర్లు, గుమాస్తాలు, కండక్టర్లు తలా ఒక ప్రతికి ముందుగా డబ్బు ఇస్తే చిన్న పుస్తకం అచ్చుకు దారి దొరుకుతది. పెద్ద పుస్తకమైతే ముక్కలు ముక్కలుగా పక్షపత్రికలో వేద్దాం. ఎవరి దగ్గర ఎంత వచ్చిందో, ఎంత ఖర్చయిందో చివరి పేజీలో లెక్క అచ్చేద్దాం. లెక్క దాచితే మనమూ మేస్త్రీలమే.

ఆ మాట మీద ఇంకొకటి చెప్పాలి, నొచ్చుకున్నా సరే. మధ్యమనుషులు ఢిల్లీలోనే లేరు. మన ఉద్యమంలోనూ ఉన్నారు. ముందుమాట రాస్తానని తీసుకొని ఏండ్ల తరబడి తిరిగివ్వని అన్నలున్నారు. నా పేరు సంపాదకుడిగా పెడితేనే అచ్చు అనే పెద్దలున్నారు. ముఖ్యంగా మన ఆడబిడ్డల రాతలను మగోళ్ల సిఫారసు కాడ ఆపుతున్నాం. 2003లో గోగు శ్యామల సంకలనం చేసిన 'నల్లపొద్దు' రాకముందు దళిత స్త్రీలు రాసిందేముందని అన్నోళ్లు మనలోనే ఉన్నారు. 1921 నాటి నుంచి రాస్తూనే ఉన్నారని ఆ పుస్తకం చూపించింది. మరి ఇన్నేండ్లు ఆ రాతల మీద మూత పెట్టింది ఎవరు? ఢిల్లీ ఏజెంటును తిట్టే ముందు మన బీరువాల తాళాలు తియ్యాలె. ఎవరి రాతప్రతి ఎవరి దగ్గర ఉన్నా, ఈ ఉగాది లోపు రాసినోళ్ల చేతికి తిరిగివ్వాలె. చదవలేదంటే చదవలేదని చెప్పి ఇవ్వాలె. ఇది డిమాండు, విన్నపం కాదు!

తమ్ముళ్లారా, చెల్లెండ్లారా! మీ రాతప్రతి తిరిగొచ్చిందని సిగ్గుపడకండి. బాబాసాహెబ్ రాతప్రతే తిరిగొచ్చింది. మేస్త్రి దగ్గర తీసుకున్న అడ్వాన్సు తీరేదాకా మన తల్లిదండ్రులు కదలలేకపోయారు. మీరు ఎవరి దగ్గరా అడ్వాన్సు తీసుకోలేదు. ఆ కాగితాల్లో ఉన్నది మీ తల్లి నెత్తి మీది మట్టితట్ట, మీ తాత వీపు మీది వాత, మీ అవ్వ నోట్లోని పాట. వాటికి ధర కట్టే హక్కు సంతది కాదు. పెట్టె దింపండి, దుమ్ము దులపండి, వాడను కూసోబెట్టి చదవండి. గద్వాల నుంచి ఒకటి, వనపర్తి నుంచి ఒకటి, నాగర్‌కర్నూలు నుంచి ఒకటి, ఈ ఏడాది మూడు పుస్తకాలు చాలు. నాలుగోదానికి జనమే తొవ్వ చేస్తరు.

జై భీమ్!